నేనెక్కిన డోలీ

మా ఆవిడకు నెల తప్పిన సంగతి నాకు ముందుగా తెలిసింది ఆవిడ ముక్కు వల్ల. ఆ రోజు తోట నుంచి కాఫీ పండు బస్తా మోసుకొచ్చి వాకిట్లో దించబోతుంటే, గుమ్మంలోంచే చెయ్యి అడ్డం పెట్టి, "అక్కడే ఆగు. ఏటా కంపు?" అంది. పేడలో గానీ కాలు పెట్టానేమోనని పాదాలు తిప్పి చూసుకున్నాను. ఏమీ లేదు. చంకలు కూడా చూసుకున్నాను. ఆవిడ ముక్కు మూసుకుని బస్తా వైపు వేలు చూపించి, అదే వేలితో నన్ను కూడా చూపించి, పెరట్లోకి పరుగెత్తింది.

అరకు లోయకు పైన, కొండ వాలులో ఉంటుంది మా ఊరు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీద పాకిన మిరియం తీగలు, వాటి నీడన కాఫీ. కోతల కాలంలో వాకిట్లో పండు, తొట్టెలో నానేసిన గింజ, అరుగు మీద ఆరబోసిన గింజ, అటక మీద గోనెసంచులు. పులిసిన తొక్కు వాసన ఊరంతా కమ్ముకుని ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ అందులోనే పెరిగినవాళ్లం కనక మా ముక్కులకు అది మామూలు గాలి కిందే లెక్క. ఆవిడా ఆ గాలిలో పెరిగిన మనిషే. అలాంటిది ఒక్కసారిగా కాఫీ పేరెత్తితే వాంతి. దిగువన వలిసె పూల పొలాల్లో పట్నం వాళ్లు ఫోటోలు దిగుతున్నారు. మేమిద్దరం పెరట్లో ఉన్నాం. ఆవిడ వాంతి చేసుకుంటోంది, నేను చెంబుతో నీళ్లు పట్టుకుని ఆనందం పట్టలేక వెర్రి నవ్వులు నవ్వుతున్నాను. ఆవిడ తలెత్తి చూసి, ఆ చెంబు నా మీదే కుమ్మరించింది.

ఆ చలికాలమంతా నా కాళ్లు నేల మీద ఆనలేదు. తండ్రినవుతున్నానన్న సంబరం ఒకటి, గెడ్డలో స్నానం ఒకటి. మా వైపు కొండవాగును గెడ్డ అంటారు. తోట నుంచి వచ్చేటప్పుడు అందులో మునిగి, ఇంటికి కాస్త దూరంలో ఉన్న పనస చెట్టు చాటున బట్టలు మార్చుకుని, కాఫీ చొక్కాను కొమ్మకు తగిలించి, అప్పుడు ఇంట్లో అడుగు పెట్టాలి. ఇది ఆవిడ పెట్టిన చట్టం. చలికాలంలో గెడ్డ నీళ్లు ఎముకలు కొరుకుతాయి. ఒంటి సబ్బు రుద్దుకుని వస్తే సబ్బు కంపంది. కొబ్బరి నూనె కంపంది. చివరికి కుంకుడుకాయకు ఒప్పుకుంది. ఆ పనస చెట్టేమో ఊళ్లోకి వచ్చే దారి పక్కనే ఉంది. అక్కడ తడి తువ్వాలుతో గజగజ వణుకుతూ కనిపించే నన్ను చూసి మా బావ, అంటే ఆవిడ అన్నయ్య, తపస్సు ఎంతవరకు వచ్చిందని రోజూ అడిగి పోయేవాడు.

కడుపుతో ఉన్న ఆడమనిషి మగడు జుట్టు కత్తిరించుకోకూడదు, గడ్డం గీసుకోకూడదు, కొత్త ఇంటికి గుంజ పాతకూడదు అని మా అమ్మకు పట్టింపు. మా అత్తవారు చర్చికి వెళ్లేవాళ్లు, వాళ్లకివి లేవు. నాకూ వీటి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ ఆవిడ ఒంట్లో అన్ని మార్పులు వస్తుంటే నా ఒంటి మీద ఒక్క గుర్తయినా ఉండొద్దా అనిపించి కత్తెర జోలికి పోలేదు. గడ్డం గుండెల దాకా దిగింది.

గడ్డంతో పాటు పొట్ట కూడా పెరిగింది. అదెలాగంటే, ఏది వండిపెట్టినా ఆవిడ "ముందు నువ్వు తిను" అనేది. నేను తిని, ఏమీ కాకుండా ఎదురుగా కూర్చుని ఉంటే, అప్పుడు తను ముద్ద నోట్లో పెట్టుకునేది. అంతలో మనసు మారితే ఇంకోటి వండాలి, అదీ ముందు నేను తినాలి. వంట నాదే. ఇంట్లో పోపు వేస్తే ఆవిడకు పడదని వాకిట్లో మూడు రాళ్లు పెట్టి చోడి అంబలి, అదే రాగి అంబలి, కాచేవాణ్ణి, మునగాకు పప్పు చేసేవాణ్ణి. మగవాడు వాకిట్లో కూర్చుని ఆకుకూర గిల్లుతుంటే మా ఊరికి అంతకంటే వినోదం ఏముంటుంది? దారిన పోయే ప్రతి ముసలమ్మా ఆగి, పొయ్యిలోకి తొంగి చూసి, ఉప్పు గురించి ఓ మాట అని పోయేది. అంగన్వాడీ గుడ్డు ఒక్కటి మాత్రం నేను ముట్టలేదు. అది తల్లీబిడ్డలదని అమ్మ నన్ను ఆ గిన్నె దరిదాపులకు రానిచ్చేది కాదు.

కోతలు ముగిసే వేళకు దిగువ ఆస్పత్రిలో నర్సమ్మ పరీక్ష చేసి, రక్తం బాగా తక్కువగా ఉందని చెప్పింది. ఐరన్ మాత్ర మానకుండా వేసుకోవాలి, కాఫీ టీలతో కలిపి మాత్రం వేసుకోకూడదు అంది. ఆ రెండో మాటకు మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నర్సమ్మ నవ్వలేదు. కాన్పు ఇంటి దగ్గర వద్దంటే వద్దంది. అసలే రక్తం తక్కువ మనిషి, కాన్పులో ఇంకాస్త పోయిందంటే ఇంటి దగ్గర ఎవరూ ఏమీ చెయ్యలేరు, ఆస్పత్రిలోనే కనాలి అని నా కళ్లలోకి చూస్తూ చెప్పింది. తిరిగి వచ్చే దారిలో నాకు భయం వేసింది. కాన్పు వానల్లో పడుతుంది. మా ఊరికి రోడ్డు లేదు. తారు రోడ్డు చేరాలంటే కొండ దిగాలి, గెడ్డ దాటాలి. నడవలేని మనిషిని డోలీలో మోసుకుపోవడమే.

డోలీ అంటే, వెదురు బొంగుకు దుప్పటి రెండు కొసలూ ముడేసి, మనిషిని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకోవడం. మా ఆవిడ చిన్నప్పుడు జ్వరంలో ఒకసారి ఎక్కింది. గెడ్డ మధ్యలో ముడి జారి నీళ్లలో పడింది. అప్పటి నుంచి డోలీ మాటెత్తితే చాలు, మొహం పాలిపోతుంది. ఆ సాయంత్రం నేను మెల్లగా మాట కదిపాను.

"నానెక్కను," అంది. "ఇంట్లోనే కంటాను గానీ ఆ గుడ్డలోకెక్కను."

బతిమాలాను. కోప్పడ్డాను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నర్సమ్మ మాటలు గుర్తు చేశాను. ఆవిడ అంతా విని, మాత్ర మింగి, నీళ్లు తాగి, "నువ్వెక్కి సూడు ముందు," అంది.

అంటే అన్నంలాగే డోలీ కూడా ముందు నేను రుచి చూడాలన్నమాట. నాకు వెయ్యేనుగుల బలం వచ్చింది. ఈసారి ఎక్కనని అనలేదు కదా.

మా కొండల్లో ఇంతవరకు ఎవరూ కట్టని డోలీ కట్టాలనుకున్నాను. దుప్పటి జారుతుంది, చీర చిరుగుతుంది. మా ఇంట్లో అన్నింటికన్నా గట్టి గుడ్డ గోనె. ఏళ్ల తరబడి కాఫీ గింజలు మోసి మెత్తబడ్డ సంచులు ఏరి, విప్పి, రెండు పొరలు వేసి దబ్బనంతో కుట్టాను. కుంకుడు రసంలో నానబెట్టి, గెడ్డలో బాది, ఎండేసి, మళ్లీ బాదాను. ముక్కుకు ఆనించి చూసుకున్నాను. ఏ వాసనా లేదు. అమ్మకు చూపించాను, బావకు చూపించాను. వాళ్లకూ ఏ వాసనా తెలియలేదు. ఆవిడ మాత్రం దాని దగ్గరికే రాలేదు. గుమ్మంలో కూర్చుని దూరం నుంచి చూసేది. బాగుందా అని అడిగితే, "సూత్తన్నాను కదా" అనేది. బాగా కట్టావని ఆ నోటితో ఒక్కసారి అంటే చాలు, అదే నా ఆశ.

మొదటి ప్రయాణానికి ఊరంతా వచ్చింది. బావ ముందు బొంగు పట్టాడు, అతని స్నేహితుడు వెనక పట్టాడు. గడ్డంతో, పొట్టతో సహా నేను గోనెలో సర్దుకున్నాను. లేపీ లేపగానే బొంగు వచ్చి నుదుటికి తగిలింది. కొండ దిగుతుంటే తల కిందికి, కాళ్లు పైకి. రక్తమంతా చెవుల్లోకి దిగింది. దారిలో ఉన్న రాళ్లన్నీ నా నడుమును పలకరించాయి. ఆపమని అరిస్తే ఎవరికీ వినపడలేదు, వాళ్ల నవ్వుల్లో వాళ్లున్నారు. గెడ్డ ఒడ్డున దించేసరికి పొద్దున తాగిన అంబలంతా బయటికొచ్చింది. తేలిపోతున్న తలతో ఇంటికొచ్చి చూస్తే, ఆవిడ ద్వారబంధం పట్టుకుని, రెండో చేత్తో పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వుతోంది. మా బావ నాకంటే ముందే వచ్చి అంతా చెప్పేశాడు. ఆవిడ అన్ని నెలల్లో అలా నవ్వడం అదే మొదలు. నాకు ఇంకోసారి ఎక్కి ఇంకోసారి వాంతి చేసుకోవాలనిపించింది.

చేసుకున్నాను కూడా. కానీ ఎక్కినప్పుడల్లా ఒక సంగతి తెలిసింది. గోనెను బొంగుకు కట్టే తాళ్లు పొడుగు చేస్తే బొంగు నుదుటికి తగలదు. మరీ పొడుగైతే నడుం నేలకు తగులుతుంది. కొండ దిగేటప్పుడు తల ఎప్పుడూ వెనకవైపే, అంటే ఎత్తు వైపే ఉండాలి. నడుం కింద వెదురు బద్దల చాప ఉంటే గోనె ముడుచుకుపోయి పొట్టను నొక్కదు. తలకింద బూరుగు దూది దిండు. ముళ్లు నేనే వేసి, చివర్లు నేనే కుట్టి, నలుగుర్ని ఒకేసారి వేలాడమన్నాను. ముడి జారలేదు. ఈలోగా డోలీకి పేరొచ్చింది. పిల్లలు వరసకట్టి ఎక్కేవాళ్లు. ఓ ముసలమ్మ తనను అందులో సంతకు తీసుకెళ్లి తీసుకురమ్మని అడిగింది. కాదంటే వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆవిడకు అయిదో నెల దాటింది, తిండి పట్టింది, రక్తమూ మెల్లగా పెరిగింది. కాఫీ మాత్రం పడలేదు. డోలీ సంగతి మళ్లీ అడిగితే, ఆ రోజు వచ్చాక చూద్దాం అంది.

దూరపు ఊళ్ల గర్భిణులు కాన్పుకు ముందే వచ్చి ఉండడానికి దిగువన ఒక వసతి గృహం ఉంది. సంత రోజున మెల్లగా నడిచి వెళ్లి అక్కడ చేరదామని సంచి సర్దుకున్నాం. అయితే సంత రోజు రాలేదు, నొప్పులే ముందొచ్చాయి. సన్నగా వాన పడుతున్న ఉదయం, నేను పొయ్యి రాజేస్తుంటే, ఆవిడ వచ్చి నా జుట్టు గుప్పెట్లో పట్టుకుంది. జుట్టు ఎందుకు పెంచమన్నారో అప్పుడు అర్థమైంది. కొంతసేపటికి వదిలి, "మొదలయ్యింది," అంది.

ఎవరో రాతి గుట్ట మీదికి పరుగెత్తారు, మా ఊళ్లో ఫోను పలికేది అక్కడే. అంబులెన్సు తారు రోడ్డు మీదికి వస్తానంది. ఆశా కార్యకర్త వచ్చింది. ఆమె మా ఊరి కోడలే, నాకు వదిన వరస. బావ, అతని స్నేహితుడు డోలీ తెచ్చి వాకిట్లో దించారు. మా అమ్మ కొండదేవతకు కోడిని మొక్కుకుంది. బావ బొంగు మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. నేను దిండు సర్దాను. ఆవిడ నా మొహం చూసింది, డోలీని చూసింది. పెదాలు బిగించి, ఇన్నేళ్ల భయాన్నీ మింగేసి వచ్చి, గోనెలో కూర్చుంది.

మరుక్షణం ముక్కు మూసుకుని లేచిపోయింది.

"కాఫీ కంపు," అంది. "ఇందులో పడుకుంటే దారి పొడుగునా వాంతులే."

మేమంతా వంగి గోనెను వాసన చూశాం. బావ మొహమంతా అందులో పెట్టి పీల్చాడు. అమ్మ పీల్చింది. నేను నాలుగు మూలలా పీల్చాను. ఎవరికీ ఏమీ తెలియలేదు. పుట్టినప్పటి నుంచీ కాఫీలో నానిన ముక్కులు, వాటికేం తెలుస్తుంది? ఇన్ని నెలలు కుట్టి, బాది, వేలాడి, నేను తన కోసం కట్టింది ఓ కాఫీ బస్తా. దుప్పటి కడదాం ఉండమని బావ ముడి విప్పబోయాడు. నేను కుట్టిన ముడి అది, విడలేదు. అప్పుడు మాత్రం కొంచెం గర్వపడ్డాను.

మేం ఆ ముడితో కుస్తీ పడుతుంటే, ఆవిడ చేతికర్ర తీసుకుని దారి పట్టింది. ఆశా వదిన చూసి, "నొప్పులు దూరదూరంగానే వత్తన్నాయి. నడవనీండి. డోలీ ఎనకాల తెండి," అంది. అలా బయల్దేరాం. ముందు ఆవిడ, పక్కన నేను గొడుగుతో, వెనక ఆశా వదిన, ఆ వెనక ఖాళీ డోలీ.

నడుం కింది భాగాన అరిచేత్తో ఎలా ఒత్తి రుద్దాలో నర్సమ్మ నాకు ముందే నేర్పింది. నొప్పి వచ్చినప్పుడు ఆవిడ నా మెడ పట్టుకుని వేలాడేది, నేను నడుం రుద్దేవాణ్ణి. నొప్పి పోగానే కబుర్లు. ఖాళీ డోలీ చూసి ఆ సంత ముసలమ్మ ఎక్కేస్తుందేమో, బేగి నడండి అని తనే అంది. అందరం నవ్వాం. కాన్పుకు పోతున్నామో పెళ్లికి పోతున్నామో తెలియని నడక అది. భయం లేదని కాదు. గెడ్డలో నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. ఆవిడ పడిపోయింది ఆ గెడ్డలోనే. ఒడ్డున ఆగిపోయింది. నేను ముందుకెళ్లి, ఆవిడకు ఎదురుగా తిరిగి, రెండు చేతులూ పట్టుకుని, నా కళ్లల్లోకే చూడమని, వెనక్కి ఒక్కో అడుగూ వేస్తూ దాటించాను. ఆవిడ పాదం ఒడ్డు మీద పడిందో లేదో, వెనక ఏముందో చూసుకోని నా కాలు పాకుడు రాయి మీద పడింది.

ఆవిడ చేతులు వదిలేశాను, అదొక్కటే నేను చేసిన తెలివైన పని. తను నిలబడింది, నేను కూలబడ్డాను. చీలమండ మడతపడింది. లేచి ఒక అడుగు వేశాను, రెండోది పడలేదు. మీరు పొండి, నేను పాకుతూ వస్తాను అన్నాను. బావ డోలీ తెచ్చి నా పక్కన దించాడు. చచ్చినా ఎక్కనన్నాను.

"ఎక్కు," అంది ఆవిడ. "నువ్వు లేకండా నానెలాగ కంటాను?"

ఎక్కాను. తల ఎత్తు వైపే పెట్టారు. ఆవిడ డోలీ పక్కన, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడిచింది. నొప్పి వచ్చినప్పుడు రెండు చేతులతో వెదురు బొంగు పట్టుకుని వంగేది. మోసేవాళ్లు కదలకుండా నిలబడేవాళ్లు. నేను గోనెలోంచి చెయ్యి బయటికి చాపి నడుం రుద్దేవాణ్ణి. ఇంకాస్త కింద, అనేది. ఇంకాస్త కిందికి వంగితే డోలీ ఊగేది. నేనూ ఆవిడా బొంగూ బావా అందరం కలిసి ఊగేవాళ్లం. మధ్యలో నవ్వొచ్చేది, నవ్వితే నొప్పెక్కువయ్యేది, నవ్వించకని తిట్టేది. నన్ను అంతకంటే అందంగా ఎవరూ తిట్టలేదు.

తారు రోడ్డు మీద అంబులెన్సు సిద్ధంగా ఉంది. డోలీ కనపడగానే ఆ బండిలో వచ్చిన ఆయన స్ట్రెచరు లాక్కుంటూ ఎదురు పరుగెత్తుకొచ్చి, భయపడకమ్మా అంటూ గోనె తొలగించాడు. లోపల గడ్డం కనపడింది. తర్వాత పొట్ట కనపడింది. ఆయన వెనక్కి ఒక అడుగు వేసి, నొప్పులు ఎవరికని అడిగాడు.

"ఇద్దరికీ," అన్నాడు మా బావ.

పాప మధ్యాహ్నానికల్లా పుట్టింది. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. నర్సమ్మ చెప్పినంత జాగ్రత్తగా డాక్టరమ్మ చూసుకుంది, మా ఆవిడ గండం లేకుండా బయటపడింది. నా కాలికి అదే ఆస్పత్రిలో కట్టు కట్టారు. ఒక చేత్తో కర్ర పట్టుకుని రెండో చేత్తో పాపను ఎత్తుకోబోతే, ముందు కూర్చోమని అందరూ ఒకేసారి అరిచారు. కూర్చున్నాను. ఒళ్లో పెట్టారు. ఎర్రగా పండిన కాఫీ పండులాంటి మొహం. నేను గట్టిగా ఏడ్చేశాను. పాప నాకంటే మర్యాదగా ఏడ్చింది.

ఇంటికి పంపిన రోజున బండి మమ్మల్ని తారు రోడ్డు మీద దించింది. వాన తెరిపిచ్చింది. బావ, అతని స్నేహితుడు డోలీతో వచ్చి ఉన్నారు. అదే గోనె. దుప్పటి కట్టమని కబురు పంపాను కదా అని మండిపడ్డాను. ముడి విడలేదు బావా అన్నాడు మా బావ. ఆవిడకు కుట్లు ఉన్నాయి, ఎక్కువ దూరం నడవకూడదు. గెడ్డ అవతల కొండంతా ఎక్కాలి. ఇంకో దుప్పటి కోసం ఎవరి ఇంటికి పరుగెత్తాలా అని నేను కుంటికాలితో అటూ ఇటూ తిరుగుతుంటే, ఆవిడ పాపను గుండెలకు పొదువుకుని, గోనె అంచు ఎత్తి వాసన చూసింది.

"వత్తంది గానీ," అంది, "ఇప్పుడది కంపు కాదు."

ఎక్కి పడుకుంది. తనే సర్దుకుని పాప మీదికి కొంగు లాగింది. వాళ్లు లేపారు. బొంగు నుదుటికి తగల్లేదు. నడుం నేలకు తగల్లేదు. గెడ్డలోకి దిగేటప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ కూడా బిగబట్టే ఉంటుంది, గోనె లోపల అలికిడి లేదు. ముడి జారలేదు. అవతలి ఒడ్డు ఎక్కాక లోపలి నుంచి మెల్లగా మాట వినపడింది. నాతో కాదు, పాపతో.

"సూసినావా గుంటా. మీ అయ్య కట్టినాడిది. బాగా కట్టినాడు."

నేను కర్ర ఆనించుకుని అక్కడే నిలబడిపోయాను. బావ భుజం మీద బొంగుతోనే తల తిప్పి నన్ను చూశాడు.

"బావా, ఏడిత్తే ఏడు గానీ, బేగి నడు. మళ్లీ వానొచ్చేత్తంది."